టీకా పరీక్షలు – నేత కుటుంబములు

నూలు ధరలు, రిబేటు బకాయిలు, పొదుపు నిధి లెక్కలు, ఈ పుటలలో సాధారణముగా మేము వ్రాయునవి ఇవి. ఈ పర్యాయము వైద్యమునకు చెందిన సంగతి వ్రాయుచున్నాము. కోవిడు నాటినుండి మా సేత్తూరు సంఘ సభ్యులు కొందరు ఒక ప్రశ్న పదే పదే అడుగుచున్నారు. "కొత్త టీకా కనిపెట్టినప్పుడు ముందు ఎవరికి వేసి చూస్తారన్నా? మనలాంటి వాళ్ళకా, లేక మనలాంటి వాళ్ళను వదిలేసి మిగతా వాళ్ళకా?" అని.

రెండును జరిగినవి. మనవంటి వారికి సరిగా చెప్పకుండ, అడుగకుండ వేసిన సందర్భములున్నవి. అడుగవలసిన చోట మనవంటి వారి గడపయే త్రొక్కని సందర్భములు అంతకంటె ఎక్కువగా నున్నవి. రెండింటివలనను నష్టము మనదే గనుక ఈ సంగతి కొంచెము విపులముగా వ్రాయుచున్నాము.

ముందుగా టీకా పరీక్ష యనగా ఏమో తెలియవలెను. ప్రయోగశాలలో తయారైన టీకాను మొదట జంతువులలో చూతురు. పిమ్మట కొద్దిమంది మనుష్యులలో అపాయము లేదని చూచుకొందురు. చివరకు వేలకొలది జనులను చేర్చుకొని, కొందరికి అసలు టీకాయు, తక్కినవారికి మందు లేని సూదియు వేయుదురు. ఎవరికి ఏది వేసినదియు వేయించుకొన్నవారికి గాని, వేసినవారికి గాని తెలియదు. నెలలు, సంవత్సరములు గడచిన పిమ్మట లెక్క విప్పి, ఏ వైపున రోగము తగ్గినదో చూతురు.

ఒకచోట చూచినది చాలదా, అన్నిచోట్ల ఎందుకు చూడవలెనని అడుగువారున్నారు. మన పనివారికి దీనిని రంగుతో చెప్పిన సులువుగా తెలియును. అంగడిలోనికి క్రొత్త రంగు వచ్చినపుడు మనము నూలంతయు ఒక్కసారిగా ముంచము. ఒక చిలప ముంచి, మన బావి నీటిలో, మన ఎండలో ఆరవైచి, ఉతికి చూతుము. కోయంబత్తూరు నీటిలో నిలిచిన రంగు మన నీటిలో నిలువకపోవచ్చును. రంగు చెడ్డదని కాదు, నీరు వేరు. టీకాల విషయములో సరిగా ఇట్టిదే జరిగినది.

క్షయరోగపు టీకా యైన బి.సి.జి. మనదేశములో 1948లో మొదలైనది. మదరాసు గిండీలో తయారీ కేంద్రము ఆ యేడే ఏర్పడినది. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరము శానటోరియము వైద్యులు 1950 మొదలుకొని ఆ చుట్టుపట్ల ప్రజలలో 10,000 మందికి పైగా చేర్చుకొని పరీక్ష జరిపిరి. మదనపల్లె యనగానే మన నేతవారికి నీరుగట్టువారిపల్లె పట్టుచీరలు జ్ఞాపకము వచ్చును. వైద్యులకు మాత్రము ఆరోగ్యవరమే జ్ఞాపకము వచ్చును. ఆ రోజులలో ఈ టీకాకు గట్టి వ్యతిరేకులును ఉండిరి. చీరలు, ధోవతులు చేనేతకే కేటాయించవలెనని మన పక్షమున పట్టుబట్టిన రాజాజీగారే 1955లో బి.సి.జి.ని వ్యతిరేకించుచు ఒక చిన్న పుస్తకము ప్రచురించినారు.

1950లోనే ఇంగ్లండులో బడి చదువు ముగించుచున్న పిల్లలు సుమారు 54,000 మందితో పరీక్ష మొదలు పెట్టిరి. టీకా పొందినవారిలో క్షయ నూటికి 75 పాళ్ళకు మించి తగ్గినది. చాల గొప్ప ఫలితము. పిమ్మట 1968 నుండి 1971 వరకు నాటి చెంగల్పట్టు జిల్లాలో భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అమెరికా ప్రభుత్వ ఆరోగ్య శాఖ కలిసి సుమారు 2,60,000 మందిని పరీక్షలోనికి తీసికొనిరి. ఏడున్నరేండ్ల లెక్క 1979లో వెలువడినది. పెద్దవారి ఊపిరితిత్తుల క్షయకు టీకావలన రక్షణ ఏమియు కనబడలేదు. పదునైదేండ్ల లెక్కయు పెద్దవారి విషయములో అదే చెప్పినది. ఇంగ్లండు పిల్లలలో నిలిచిన రంగు చెంగల్పట్టు నీటిలో నిలువలేదన్నమాట. చెంగల్పట్టు పల్లెలలో చూడకున్నచో ఈ సంగతి మనకు తెలియకయే పోయెడిది. (చంటిబిడ్డలకు క్షయ మెదడునకు ప్రాకుట వంటి ఘోరములను బి.సి.జి. ఆపుచున్నది. కనుక పుట్టిన బిడ్డకు నేటికిని వేయుచున్నారు. తప్పక వేయించవలెను.)

రెండవ ఉదాహరణము పసిబిడ్డల విరేచనములది. రోటావైరసు టీకాలు అమెరికాలోను ఐరోపాలోను నూటికి 85 పాళ్ళకు మించి పనిచేసినవి. ఆసియా, ఆఫ్రికా బీద దేశములలో అవే టీకాలు సగము చిల్లరగా మాత్రమే పనిచేసినవి. హైదరాబాదులోని భారత్ బయోటెక్ వారు తయారుచేసిన రోటావాక్ టీకాను 2011 మొదలు ఢిల్లీ, పూనా, వేలూరులలో 6,799 మంది పసికందులలో పరీక్షించిరి. తీవ్రమైన విరేచనములు సగమునకు కొంచెము పైగా తగ్గినవి. చూచుటకు చిన్న సంఖ్యయే. కాని మన బిడ్డలలో, మన నీళ్ళు త్రాగువారిలో చూచి చెప్పిన సంఖ్య గనుక నమ్మదగినది. ఆ టీకాను 2016లో ప్రభుత్వ పట్టికలో మొదట చేర్చిన 4 రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఇక మన వాడల సంగతి. 2019-20 చేనేత గణన ప్రకారము దేశములో చేనేత పనివారు 35 లక్షలకు పైచిలుకు. వారిలో నూటికి 72 మంది స్త్రీలు. సుమారు మూడింట రెండు వంతుల కుటుంబముల నెలసరి రాబడి 5,000 రూపాయలలోపు. ఇట్టివారు టీకా పరీక్షలలో ఎందుకు కనబడరు? చదువు లేనివారు, భయపడుదురు, ముందుకు రారు అని పట్టణములోని పెద్దలు చెప్పుచుందురు. మేము ఈ మాటను అంగీకరించము. కోవిడు టీకా మొదటి సూది వచ్చిననాడు వరుసలో నిలిచిన మనవారిని మేము చూచినాము. భయము కొంత కలదు, లేదనము. అసలు అడ్డంకి మాత్రము మగ్గము దగ్గర నున్నది.

పరీక్షలో చేరినవానికి ఒక్క సూదితో పని తీరదు. ముందు రక్తము తీయుదురు. తరువాత సూది, నెల తిరిగిన పిమ్మట రెండవ సూది, మరల రక్తము. ఆపైన ఏడాదియో రెండేండ్లో జ్వరము వచ్చినదా, దగ్గు వచ్చినదా అని విచారించుచుందురు. పరీక్షలు జరుగునది పెద్ద పట్టణములలోని పెద్ద ఆస్పత్రులలో. మా సేత్తూరునుండి మదురై 80 కిలోమీటర్లు దాటును. తెల్లవారుజామున బస్సెక్కినవాడు దీపాలవేళకు గాని ఇల్లు చేరడు. రాజపాళయము ప్రక్కన ఛత్రపట్టిలో నేసిన కట్టుగుడ్డ దూరదేశపు ఆస్పత్రులకు గూడ పోవుచున్నది గాని, నేసినవాడు మదురై ఆస్పత్రికి పోవుట ఒక దినము పోగొట్టుకొనుటయే.

బస్సు ఖర్చు ఇచ్చెదము, ఒకదినపు కూలియు ఇచ్చెదము అందురు. ఇయ్యవచ్చునని వైద్య పరిశోధన మండలి మార్గదర్శక సూత్రములలో గూడ నున్నది. మంచిదే. కాని మగ్గమునకు ఒకదినపు కూలి యనగా ఎవరి కూలి? నేయువాడు లేనినాడు భార్య చుట్టిన కండెలు బుట్టలోనే యుండును. ఆమె చేతికిని ఆనాడు పని లేదు. పడుగునకు, ఇక్కడివారి మాటలో పావునకు, గంజి పెట్టు ఉదయమున నాలుగిండ్లవారు వీధిలో నిలువవలెను. వారిలో ఒకడు మదురైకి పోయినచో నాలుగిండ్ల పని నిలిచిపోవును. వైద్యులకు తెలిసిన లెక్కలో మనిషికి ఒక కూలి. మన లెక్కలో మగ్గమునకు ఇద్దరో ముగ్గురో మనుష్యులు. ఈ తేడా ఎవరును వారికి చెప్పినట్లు లేదు.

సూది వేసిన చేయి ఒకటి రెండు దినములు నొచ్చును. కొందరికి ఒళ్ళు వెచ్చబడును. కుర్చీలో కూర్చుండి పనిచేయువానికి అది పెద్ద బాధ కాదు. నాడె తాడు లాగి, పలక కొట్టువానికి అట్లు కాదు. ఎడమచేతికి వేయుమన్న వేయుదురు గాని, నేతకు రెండు చేతులును కావలెను. జీతగానికి జ్వరము వచ్చిన సెలవు పెట్టును. మనకు గజము నేసిన గజమునకే కూలి. సెలవు చీటి ఎవరికి వ్రాయుదుము?

ఆరోగ్యపు షరతులు మరియొక అడ్డు. మొదటి దశలలో మంచి ఆరోగ్యవంతులనే తీసికొందురు. అది న్యాయమే, కాదనము. కాని నూలు దుమ్ముతో దగ్గు పట్టినవారు, రక్తము తక్కువైన స్త్రీలు, చక్కెర వ్యాధివారు తరువాతి దశలలో గూడ మిగిలిపోవుదురు. రక్షణ ముందుగా కావలసినది వారికే. గర్భిణుల సంగతి చూడుడు. కోవిడు టీకాల మొదటి పరీక్షలలో వారిని చేర్చుకొనలేదు. అందుచేత మనదేశములో టీకాలు 2021 జనవరిలో మొదలైనను, గర్భిణులకు అనుమతి జూలైలో గాని రాలేదు. ఆ నడుమనే రెండవ విడత కోవిడు దేశమంతట విరుచుకు పడినది. చేనేతలో నూటికి 72 మంది స్త్రీలన్న సంగతి ఇక్కడ మరువరాదు.

భాష సంగతి మా ప్రాంతమునకు ప్రత్యేకమైనది. తమిళనాడులో జరుగు పరీక్షకు అనుమతి పత్రము సాధారణముగా తమిళములోను ఇంగ్లీషులోను ఉండును. మన ఇండ్లలో మాట తెలుగు. అంగడిలో తమిళము మాటలాడని వారు మనలో లేరు, నిజమే. అంగడిలో బేరమాడు తమిళము వేరు. పది పన్నెండు పుటల కాగితములోని తమిళము వేరు. మన ముసలమ్మలకు ఆ కాగితము చదివి వినిపించిన, "సరే నాయనా, నువ్వు చెప్పినట్టే" అందురు. ఆ "సరే"కు విలువ ఎంత? బడిలో తమిళము చదివిన మనుమడు చదివి, ఇంటి తెలుగులో చెప్పవలసి వచ్చును. పోనీ తెలుగులో అచ్చువేసి యిచ్చిన చాలునా యన్న, తెలుగు మాటలాడుచు తెలుగు అక్షరములు రానివారు మా ఊరిలో ఇంటికొకరైన ఉన్నారు. కనుక మాకు కావలసినది తెలుగు అచ్చు మాత్రమే కాదు, నోటితో తెలుగులో చెప్పు మనిషి.

ఇట్లు మిగిలిపోవుట ఇంటికే కాదు, దేశమునకును జరుగుచున్నది. ప్రపంచములోని క్షయరోగులలో సుమారు నలుగురిలో ఒకరు మనదేశమువారు. అయినను ఎం72 అను క్రొత్త క్షయ టీకాకు 2024 మార్చిలో ప్రారంభమైన పెద్ద పరీక్షలో దక్షిణాఫ్రికా, కెన్యా, మలావి, జాంబియా, ఇండోనేషియా ప్రజలు 20,000 మందిని చేర్చుకొనిరి. భారతదేశము అందులో లేదు. మనదేశములో 2019లో వేరొక రెండు టీకాలతో, క్షయరోగుల ఇండ్లలో నివసించువారు సుమారు 12,000 మందితో ఒక పరీక్ష మొదలైనది. అది సంతోషింపదగినది. కాని చెంగల్పట్టు అనుభవము తరువాత, రేపు ఎం72 టీకా వచ్చిననాడు మన వాడలలో అది ఎంత పనిచేయునని అడిగిన చెప్పగలవారెవరు?

ఇంతవరకు వ్రాసినది చదివి, అయితే ఎవరు వచ్చి అడిగినను చేరిపోవలెనని కొందరు తలంతురేమో. అందుకే ఖమ్మము సంగతి వ్రాయుచున్నాము.

2009 జూలైలో నాటి ఖమ్మము జిల్లాలోని భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో 10 మొదలు 14 ఏండ్ల ఆడపిల్లలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరును నివారించు టీకా వేయుట ప్రారంభించిరి. అమెరికాకు చెందిన పాత్ అను సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కలిసి చేసిన కార్యక్రమమిది. గుజరాతులోని వడోదరాలోను ఇట్టిదే జరిగినది. దీనిని పరీక్ష యనలేదు, ప్రదర్శన ప్రాజెక్టు అనిరి. ఆ టీకాకు 2008లోనే దేశములో అనుమతి వచ్చినది గనుక ఇది పరీక్ష కాదని వారి వాదము. పరీక్ష కాదన్న పిమ్మట పరీక్షకు ఉండవలసిన కట్టుదిట్టములును ఉండవు గదా.

పిల్లలు కొందరు మరణించిరని తెలిసి 2010 ఏప్రిలులో కేంద్ర ప్రభుత్వము దానిని నిలిపివేసినది. రెండు రాష్ట్రములలో కలిసి 7గురు. ఆ మరణములకు టీకా కారణమని తేలలేదు. ఈ సంగతి స్పష్టముగా చెప్పవలెను, లేనిచో మంచి టీకాకు చెడ్డపేరు వచ్చును. అదే జాతి టీకాను 2018లో సిక్కిము రాష్ట్రము తల్లిదండ్రులకు ముందుగా నచ్చజెప్పి తన బడులలో వేయించినది. తప్పు వేరొకచోట బయటపడినది. విచారణలో చూచిన 9,543 అనుమతి పత్రములలో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రములమీద సంతకము చేసినవారు హాస్టలు వార్డెనులు, ప్రధానోపాధ్యాయులు. పిల్లలలో అనేకులు గిరిజనుల బిడ్డలు. తల్లిదండ్రులు అడవిపల్లెలలో, బిడ్డలు ఆశ్రమ పాఠశాలలలో. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘము తన 72వ నివేదికలో ఈ వ్యవహారమును తీవ్రముగా ఖండించినది.

ఆ వార్డెనులు దుర్మార్గులని మేము అనము. పిల్లల బియ్యమునకు, దుప్పట్లకు, పుస్తకములకు నిత్యము సంతకము పెట్టుచుండువారు వారు. మరియొక కాగితము వచ్చినది, దానిమీదను పెట్టినారు. అయితే ఇది చదివినప్పుడు మాకు మన సంఘములే కండ్లయెదుట నిలిచినవి. నూలు ఇండెంటు, రిబేటు బిల్లు, బీమా పత్రము, రుణపు దరఖాస్తు, అన్నింటికిని సభ్యుడు చెప్పు మాట ఒక్కటే: "మీరు చూసి పెట్టేయండన్నా." రేపు ఎవరైన వచ్చి, వంద పేర్ల జాబితా ఇయ్యుడు, మీ సంఘ ముద్ర వేయుడు అన్నచో, చాలచోట్ల సాయంకాలములోగా సిద్ధమైపోవును. మనవారి నమ్మకము అంత గొప్పది. ఇక్కడనే జాగ్రత్త పడవలసినది.

2021 మొదటను భోపాలులో ఇట్టి గొడవయే వచ్చినది. కోవాగ్జిన్ టీకా మూడవ దశ పరీక్షలో దేశమంతట 25,800 మందిని చేర్చుకొనిరి. భోపాలులో 1984 నాటి విషవాయు బాధితులు నివసించు వాడలనుండి వచ్చి చేరినవారు కొందరు, 750 రూపాయలు ఇచ్చిరి గాని ఇది పరీక్ష యని తమకు చెప్పలేదని ఫిర్యాదు చేసిరి. అన్నియు నియమము ప్రకారమే చేసితిమని నిర్వాహకులు చెప్పిరి. ఎవరి మాట ఎట్లున్నను, 750 రూపాయలు కొన్ని దినముల కూలియైన ఇంటిలో, ఆ డబ్బు ముందు కాగితము ఎవరు చదువుదురు?

చట్టము మాత్రము ఇప్పుడు మన పక్షముననే యున్నది. 2019 మార్చిలో వచ్చిన క్రొత్త మందుల, చికిత్సా పరీక్షల నియమముల ప్రకారము, చేరువానికి అర్థమగు భాషలోనే సంగతి చెప్పవలెను. చదువురానివారి విషయములో పరీక్షతో సంబంధము లేని సాక్షి ఎదుట నుండవలెను. చేరిన తరువాత ఏనాడైనను, కారణము చెప్పకయే, మానుకొనవచ్చును. మానుకొన్నందున మామూలు వైద్యము తగ్గించరాదు. పరీక్షవలన హాని కలిగినచో వైద్యము ఉచితము. మరణమో అంగవైకల్యమో కలిగినచో నష్టపరిహారము ఇయ్యవలెను. అందుకే ఆ పత్రములో వృత్తి, సాలుసరి రాబడి, నామినీ పేరు అడుగుదురు. రాబడి అడిగినారని మనవారు బెదరనక్కరలేదు, పన్ను వేయుటకు కాదు. నామినీ గడి ఖాళీగా విడువరాదు. 2009 జూన్ నుండి పరీక్షలన్నియు ప్రభుత్వ జాబితాలో నమోదు కావలెనను నియమము గూడ నున్నది. నమోదు సంఖ్య చెప్పలేనివారితో మాటలు అక్కడితో ఆపవచ్చును.

కనుక మేము తోడి సంఘముల కార్యదర్శులకు చేయు మనవి ఇది. వైద్యులు వచ్చినచో తలుపు మూయవద్దు. సంఘపు హాలు ఇయ్యుడు, చాప పరచుడు, సభ్యులను పిలువుడు. జాబితా మాత్రము ఇయ్యవద్దు. ఎవరి పేరు వారే ఇచ్చుకొందురు. సభ్యుని అనుమతి పత్రముమీద కార్యదర్శి సంతకము గాని, సంఘ ముద్ర గాని పడరాదు. సాక్షి కావలసివచ్చిన గూడ కార్యదర్శి ఉండకుండుట మేలు. కూలి ఇచ్చు చేయి ఎదుట నుండగా కాదనుటకు సభ్యునికి నోరు రాదు. ఊరి ఉపాధ్యాయురాలినో, చదువుకొన్న కోడలినో పిలువవచ్చును. స్త్రీలకు విడిగా, పగటి పని ముగిసిన పిమ్మట, తెలుగులో చెప్పించవలెను. వినిన రోజే సంతకము అడుగరాదు. ఇంటికి పోయి నలుగురితో మాటలాడుకొనుటకు రెండు దినములైన గడువు అడుగుడు.

వైద్యులను గూడ మేము కోరునది కలదు. మమ్ములను మదురైకి రప్పించుటకు బదులు, రక్తము తీయుట, సూది వేయుట రాజపాళయము ప్రభుత్వాసుపత్రిలో జరుగునట్లు చూచిన, బస్సులో పోవు దినము మిగులును. అమావాస్యకు మగ్గము దిగు ఆచారము ఇంకను పాటించు ఇండ్లున్నవి. సూదికి ఆ దినము చూచుకొన్నచో చేయి నొప్పి సగము సెలవులోనే తీరును. ఇచ్చు కూలి మనిషికి కాక మగ్గమునకు లెక్కకట్టవలెను. లెక్క ఎట్లని అడిగిన, మన కూలి పుస్తకములు చూపుటకు ఏ సంఘమైనను సిద్ధమే.

చేరదలచినవారికి ఒక మాట. సంతకము చేసిన పత్రము నకలు మీ చేతికి రావలెను, అది మీ హక్కు. దానిని సంఘములో దాచుడని మాకు తెచ్చి యియ్యవద్దు. ఇంటిలో పాసుపుస్తకముతోపాటు పెట్టెలో ఉంచుకొనుడు. ఆరు నెలల తరువాత అర్ధరాత్రి జ్వరమో ఆయాసమో వచ్చినచో పిలువవలసిన వైద్యుని పేరు, ఫోను నంబరు అందులోనే యుండును.